రెండు మడతల ఇంజను

పోయిన నెల, నేను పుట్టి పెరిగిన కొండలోయకి వెళ్ళినప్పుడు అక్కడి తోటలో పిల్లల రైలెక్కాను. ఎక్కాను అనడం నన్ను నేను గౌరవించుకోవడం. మా చెల్లెలి మనవరాలు ముందునుంచి లాగితే, టిక్కెట్లు చింపే ఆవిడ వెనకనుంచి తోస్తే, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ఎలాగో ఆ పెట్టెలో సర్దుకున్నాను. ఇంజనుకి పొగగొట్టం ఉంది, పొగ లేదు. కూత ఉంది, అది స్పీకర్లోంచి వస్తోంది. బండి ఆగి అందరూ దిగి వెళ్తుంటే నేను మాత్రం వంగి, ఇంజను చక్రం మీద జాన వేసి కొలిచాను.

"ఏం పోయింది అమ్మమ్మా, వెతుకుతున్నావా?" అంది పిల్ల.

"ఏమీ పోలేదే. నడుం పట్టేసింది" అన్నాను. రెండో మాట నిజమే. వంగడం వరకే నా చేతిలో ఉంది, లేవడం లేదు. మొదటి మాట మాత్రం అబద్ధం.

నాకు పదకొండేళ్ళప్పుడు మా ఇంటి వెనక వసారాలో ఒక ఇంజను తయారైంది. చేసినవాడు మా తాత, అమ్మకి నాన్న. కింద మైదానంలో తిరిగే చిన్న లైను రైళ్ళకి ఆయన ఫిట్టరు. చిన్న లైనంటే రెండు పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులే. మా నాన్నది పెద్ద లైను. కొండల్ని తొలుచుకుంటూ పైకొచ్చిన ఖనిజం బళ్ళ దారిలో ఆయన పని. మామా అల్లుళ్ళు పీట వేసుకుని కూర్చుంటే అమ్మ పప్పు వడ్డించేలోగానే ఇద్దరూ పట్టాలు వడ్డించుకునేవారు.

"మీ బండిలో ఎల్తా ఎల్తా దిగి, సింతకాయలు కోసుకుని మళ్ళీ ఎక్కీయొచ్చట కదేటి మావా?" అనేవాడు నాన్న.

"ఎక్కీయొచ్చు బాబూ. మీ బండి ఎక్కితే దిగనేవు, దిగితే ఎక్కనేవు. ఏటి లాభం?" అనేవాడు తాత.

అమ్మ మిషను బడిలో టీచరు. అమ్మమ్మ పోయాక తాతని తనతోపాటు కొండమీదికి తెచ్చేసుకుంది. ఆయన సామానంతా ఒక రేకు పెట్టె, ఒక బైబిలు, నాలుగు స్పానర్లు, గోగునార తాళ్ళ మోపు ఒకటి. ఆ తాళ్ళు చూసి నాన్న, "ఏటి మావా, ఆవుల్ని కొంటావేటి?" అన్నాడు. తాత నవ్వి ఊరుకున్నాడు. ఆ మోపులో ఆవు కాదు, ఇంజను ఉందని మాకెవరికీ తెలియదు.

ఉద్యోగం చివరి రోజుల్లో, ఆయన ముప్ఫయ్యేళ్ళు సాకిన ఇంజనుని ముక్కలుగా కోసి ఇనుం కింద అమ్మేయాలని తేల్చారట. తాతకి గీయడం రాదు, ఇంగ్లీషు అంకెలు అంతకన్నా రావు. అందుకని తాడు తీసుకుని, ఇంజను ఒళ్ళంతా కొలిచాడు. చక్రం చుట్టూ ఒక తాడు, బాయిలరు పొట్ట చుట్టూ ఒక తాడు, ఇరుసుకీ ఇరుసుకీ మధ్య ఒకటి, పొగగొట్టం పొడుగుకి ఒకటి. ఈ కొసకో ముడి, ఆ కొసకో ముడి. రెండు ముళ్ళ మధ్యది కొలత. ఏ తాడు దేనిదో తెలియడానికి ఒక్కో తాడుకి ఒక్కో వస్తువు కట్టాడు. పొగగొట్టానికి ఎండు మిరపకాయ. ఇరుసుల మధ్య దూరానికి పసుపుకొమ్ము. బాయిలరుకి కరక్కాయ, ఒళ్ళంతా గీతలున్న గట్టి పొట్ట కాబట్టి. చక్రానికి ఉప్పు పట్టించి ఎండబెట్టిన ఉసిరికాయ, చక్రం ఆకుల్లాగే దానికీ నడిమి నుంచి చారలుంటాయి కాబట్టి.

"కాగితం ముక్క కట్టీసి రాసుకోవచ్చు కదా తాతా?" అన్నాను.

"కాగితం సదవాలంటే కళ్ళు గావాల గుంటా. నాకు ఏళ్ళున్నాయి, సాలవేటి?" అన్నాడు.

ఏళ్ళంటే వేళ్ళు. కళ్ళకి అప్పటికే రెండింటా పొరలు కమ్ముతున్నాయి. ఆపరేషనంటే, "ఇంజనయ్యాక సూద్దాం" అనేవాడు. మైదానంలో అసలు ఇంజను ముక్కలై లారీలెక్కి వెళ్ళిపోయింది. "ఇప్పుడది ఇంకెక్కడా నేదు. ఈ తాళ్ళల్లోనే ఉన్నాది" అని ఆ మోపుని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వంటింట్లో పొయ్యి పైనున్న దండేనికి వేలాడదీశాడు. పొగ తగిలితే పురుగు పట్టదట.

ఆయన కట్టాలనుకున్నది అసలు దానిలో నాలుగో వంతు. ఎందుకు నాలుగో వంతు? తాడుని మధ్యకి మడిస్తే సగం. ఇంకోసారి మడిస్తే సగంలో సగం. లెక్క అయిపోయింది. మూడోసారి ఎందుకు మడవకూడదని అడిగాను. "మూడో మడతకి తాడు అబద్ధమాడతాది" అన్నాడు. ఇన్నేళ్ళు చదివీ చెప్పీ కూడా కొలతల గురించి ఇంత మంచి మాట నాకు మరెక్కడా దొరకలేదు.

ఆ ఏడు మంచుకాలమంతా మా వసారా కమ్మగా కంపు కొట్టేది. కిరసనాయిలు, వేడి ఇనుం, మడ్డినూనె. వాటి మధ్యలోంచి తాత తన బొగ్గుల కుంపటి మీద నాకోసం కాల్చే పనసగింజల వాసన. బయట కొండవాలంతా వలిసె పూలు పచ్చగా ఉండేవి. లోపల పొద్దస్తమానం ఆకురాయి గర్రుగర్రుమంటూ ఉండేది. అమ్మ చోడి అంబలి గిన్నె పట్టుకొచ్చి, "నాన్నా, తాగీసి పని సేసుకో" అంటే, "బాయిలరు తాగీసినాక నాను తాగుతాను" అనేవాడు. బాయిలరుని నీళ్ళతో నింపి, చేతిపంపుతో వత్తిడి పెంచి, ఎక్కడైనా చెమ్మ ఊరుతుందేమోనని రివెట్టు రివెట్టునీ బుగ్గతో తడిమి చూసేవాడు. సిలిండర్లు కింద తెలిసినవాళ్ళ చేత పోత పోయించి తెచ్చుకున్నాడు. తక్కినదంతా చేతిపనే.

నా ఉద్యోగం తాళ్ళ గుమాస్తా. "మిరపకాయ" అంటే పొగగొట్టం తాడు తెచ్చి, రెండుసార్లు మడిచి, ఒక కొస పట్టుకుని నిలబడాలి. రెండో కొస ఆయన పట్టుకునేవాడు. బళ్ళో నాకు లెక్కల్లో వచ్చే మార్కులు మడవడానికి కూడా చాలేవి కావు. ఇక్కడ మాత్రం నేను లేకపోతే ఇంజను లేదని ఊరంతా చెప్పుకు తిరిగేదాన్ని. ఇంజను కంటే ముందే నాకు ఆవిరెక్కింది.

బాయిలరు పూర్తయి, ఇక చక్రాలు మొదలవ్వాలనగా, ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. ఆ ఉసిరికాయ నన్నే చూస్తోంది. నెలల తరబడి పొగ తాగి నల్లగా నిగనిగలాడుతోంది. పీట వేసుకుని ఎక్కి విప్పి నోట్లో వేసుకున్నాను. ఉప్పూ, పులుపూ, పొగా కలిసిన ఆ రుచి ఇప్పటికీ నాలిక వెనక ఎక్కడో ఉంది. అక్కడితో ఆగితే బాగుండేది. పక్క తాడుకున్నది కూడా అలాంటిదేననుకుని అదీ విప్పి కొరికాను. అది కరక్కాయ. పంటికి తగలగానే బుగ్గలు రెండూ లోపలికి పీక్కుపోయాయి. ఉమ్మేసి చూసుకునేసరికి రెండు తాళ్ళూ కిందపడి ఉన్నాయి, రెండూ బోసిగా.

అప్పుడే పెరట్లో తాత చేతికర్ర చప్పుడు.

అమ్మ ఎండు ఉసిరికాయలు దాచుకునే సీసాలోంచి ఒకటి తీశాను. కొరికిన కరక్కాయ ఉండనే ఉంది. ఏది ఏ తాడుకి కట్టాలి? పక్కపక్కన పెట్టి చూశాను. ఒకటి పొడుగు, ఒకటి కాస్త పొట్టి. నేను ఆ ఇంజనుని ఎన్నడూ చూడలేదు. నేనెరిగిన చక్రం సంతకొచ్చే ఎడ్లబండి చక్రం. అది మనిషి గుండెల దాకా వచ్చేది. బండిలో చక్రం కంటే పెద్దదేముంటుంది? పొడుగు తాడు చక్రానిదేనని తీర్మానించి, దానికి ఉసిరికాయ కట్టేశాను. ఉసిరికాయ తింటే ఉసురు తగులుతుందని అప్పటికింకా తెలియదు.

మర్నాడు ఆ తాడు పట్టుకుని ఇద్దరం ఊరి పక్క వాగు, మా గెడ్డ, దాటి కమ్మరి మావ కొలిమికి వెళ్ళాం. చుట్టుపక్కల ఊళ్ళ నాగళ్ళకి కర్రులు, బళ్ళ చక్రాలకి ఇనప కట్లు అన్నీ ఆయన చేతిలోనివే. వేగిస కర్రతో చిన్న చక్రాలు చెక్కి, వాటికి బండిచక్రానికిలాగే కట్టు ఎక్కించాలని తాత ఆలోచన. తాత ఉసిరికాయని తడిమి, సరేననుకుని తాడు అందించాడు. మావ దాన్ని రెండుసార్లు మడిచి, ఆ పొడుగుకి ఇనప బద్ద నరికాడు. దాన్ని వంచి, కొసలు అతికి, ఎర్రగా కాల్చి చక్రానికి తొడిగి నీళ్ళు పోశాడు. కాలిన కర్ర వాసనతో తెల్లటి ఆవిరి లేచింది. అలా ఆరు చక్రాలు.

"ఏటి మేస్త్రీ, ఈ బండికి ఎడ్లు కూడా సిన్నవే గావాలేటి? మా మేకపిల్లలున్నాయి, కట్టీమంటావా?" అన్నాడు మావ. లోయలో అందరికీ తాత మేస్త్రే.

"నీకు నిప్పు ఊదడమే వచ్చు. నిప్పుసేత బండి లాగించడం నాకొచ్చు, సూద్దువు గాని" అన్నాడు తాత.

ఆ మరుసటి వారం వసారాలో చక్రాలు బిగించారు. మూడు ఇరుసులు, ఇరుసుకి రెండేసి చక్రాలు. ఇరుసులు పసుపుకొమ్ము తాడు చెప్పిన చోటే ఉన్నాయి. మూడో ఇరుసు ఎక్కించి తాత చేత్తో చక్రం తిప్పాడు. తిరగలేదు. ఆయన వేళ్ళు చక్రం అంచు మీదుగా నడిచి, సందు లేకుండానే పక్క చక్రం మీదికి వెళ్ళిపోయాయి. ఇరుకు బెంచీ మీద కూర్చున్న లావుపాటి వాళ్ళలా మూడు చక్రాలూ ఒకదాని భుజం ఒకటి రాసుకుంటున్నాయి.

నా నోట్లో కరక్కాయ రుచి తిరిగొచ్చింది.

తాత పసుపుకొమ్ము తాడు తెప్పించి మళ్ళీ మడిచాడు. సరిగ్గానే ఉంది. ఉసిరికాయ తాడు మడిచాడు. చక్రానికి అదీ సరిగ్గానే ఉంది. రెండు తాళ్ళూ ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత చాలా నెమ్మదిగా, "నానే తప్పు కొలిసినాను" అన్నాడు. "ఒకటి తప్పయితే ఇంక ఏది ఒప్పో ఎలా తెలుస్తాది? అసలుది నేదు కదా, ఎల్లి సూసుకోడానికి."

నేను చెప్పొచ్చు. చెప్పలేదు. రేపు చెబుదామనుకున్నాను. ఆ రేపు నాలుగైదు రోజులు సాగింది.

ఆ నాలుగైదు రోజుల్లో ఆయన ఎంత ముసలివాడైపోయాడో చెప్పలేను. కళ్ళు సరిగ్గా కనపడకపోయినా చర్చికి ఒంటరిగా నడిచేవాడు, అడుగులు లెక్కపెట్టుకుంటూ. ఆ ఆదివారం గుమ్మంలో నిలబడి, "అమ్మీ, సెయ్యి పట్టుకో" అన్నాడు అమ్మతో. అన్నంలో కూర ఎటుందో అడిగాడు. మజ్జిగ గ్లాసు తానుంచిన చోటే ఉన్నా అక్కడుందని నమ్మక గాల్లో వెతికాడు. వేళ్ళున్నాయి కదా అన్న మనిషి వేళ్ళని నమ్మడం మానేశాడు. కొలత తప్పితే ఇంత కలత ఉంటుందని నాకేం తెలుసు?

"ఏటయిపోనాడు మా నాన్న? ఆ ఇంజనుకి ఏ గెడ్డలో సోటుందో సూడండి, పడీసొద్దాం" అని అమ్మ నాన్న మీద ఎగిరింది.

ఒక పొద్దున్న అమ్మ పొయ్యి దగ్గరుంది. తాత వచ్చి పీట మీద కూర్చుని, "గుంటా, ఆ తాళ్ళన్నీ దించు" అన్నాడు. దించి ఒళ్ళో పెట్టాను. "గోగునార బాగా మండుతాది. సలికి పనికొస్తాది" అంటూ మొదట చేతికొచ్చిన తాడుని పొయ్యిలో పెట్టాడు. మిరపకాయ తాడు.

ఎండు మిరపకాయ నిప్పులో పడితే ఏమవుతుందో తెలుగువాళ్ళకి చెప్పనక్కర్లేదు. అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, దగ్గుతూ తిట్టుకుంటూ బయటికి పరుగెత్తింది. తాత దగ్గుతూనే రెండో తాడు అందుకున్నాడు. ఆయన చేతిలో ఉసిరికాయ కనపడింది.

"తాతా, అది కాదు! అది సక్రం తాడు కాదు!" అని అరిచాను.

"ఏటి?"

దగ్గుకీ దగ్గుకీ మధ్య మొత్తం చెప్పాను. ఉసిరికాయ, కరక్కాయ, ఎడ్లబండి, నా తీర్మానం. తాత ముందు పొయ్యిలోంచి తాడు లాగి చేత్తో నులిమి ఆర్పాడు. ముడి వరకూ కాలలేదు. తర్వాత ఆ రెండు తాళ్ళూ తీసుకుని, ముడికి ముడి ఆనించి, వేళ్ళతో చివరిదాకా నడిచాడు. పొడుగుది. పొట్టిది. మళ్ళీ నడిచాడు. పొట్టిదాన్ని రెండు మడతలు వేసి గుప్పిట్లో పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"నా సెయ్యి తప్పనేదు" అన్నాడు. నాతో కాదు. "తప్పనేదు. తప్పనేదు."

ఆయన కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. నాకూ అంతే. మిరపకాయ వల్లనేనని ఇద్దరం ఒప్పుకున్నాం.

దెబ్బలకి సిద్ధపడి వీపు వంచాను. ఆయన నా వీపు తడిమి, "ఇంజనుకి పొట్ట పెద్దది, కాళ్ళు సిన్నవి ఉంటాయి. మీ నాన్నలాగ. ఇంకెప్పుడూ మర్సిపోకు" అన్నాడు.

అదే రోజు కొలిమికి వెళ్ళాం. చేతికర్రని తాత నేలకి ఆనించకుండా భుజాన వేసుకుని నడిచాడు. కొలిమి దగ్గర కర్రుల కోసం ఆరేడుగురు రైతులు కూర్చుని ఉన్నారు. ఈ లోయలో తాత మాటకి ఒక విలువ ఏర్పడి ఉంది. ఎవరింటికి ద్వారబంధం పెట్టాలన్నా ఒక్కసారి మేస్త్రి తాడు పడితే చాలు, మళ్ళీ చూడక్కర్లేదనేవారు. చర్చిలో కొత్త బల్లలకి కొలతలు ఆయనవే. అక్కడ కూర్చున్నవాళ్ళలో ఇద్దరి ఇళ్ళ దూలాలు ఆయన కొలిచినవే.

కమ్మరి మావ విషయం విని పట్టకారు కింద పడేశాడు.

"నాయ్ నాయ్, అవ్వదు. ఆరు కట్లూ కోసి, మళ్ళీ అతికి, సక్రాలు మళ్ళీ సెక్కాలా? ఎవులిది తప్పు మేస్త్రీ? నాను నువ్విచ్చిన తాడే కదా మడిసినాను. తప్పెవులిదో సెప్పు ముందు."

చెప్పాలనే నోరు తెరిచాను. తాత చెయ్యి నా నెత్తిమీద పడింది. ముద్దు చేస్తున్నట్టే ఉంది గాని, గట్టిగా కిందికి నొక్కింది.

"నాదే. కొలత తప్పినాను. ముసిలోణ్ణి అయిపోనాను కదా" అన్నాడు.

మావ పకపకా నవ్వాడు. "ఇనండ్రా! తాడు సాగనేదు, మేస్త్రి సాగిపోనాడు!" అన్నాడు. అందరూ నవ్వారు. ఒక రైతు, "అయితే మా ఇంటి దూలం ఓపాలి సూసుకోవాల" అన్నాడు. ఇంకా నవ్వారు. తాత కూడా నవ్వాడు, అందరికంటే గట్టిగా.

గెడ్డ దాటేటప్పుడు అడిగాను. "ఎందుకలా సెప్పినావు తాతా? నీ సెయ్యి తప్పనేదు కదా."

"తప్పనేదని నాకు తెలిసింది. సాల్దేటి?" అన్నాడు. నాలుగడుగులు వేశాక, "నువ్వు ఈళ్ళ మజ్జిన సానాకాలం బతకాల. నాకెన్నాళ్ళు?" అన్నాడు.

చక్రాలు మళ్ళీ తయారయ్యాయి. ఈసారి పక్కపక్కనే ఉన్నా ఒకదానికొకటి తగలకుండా, అత్తాకోడళ్ళంత మర్యాదగా తిరిగాయి. చర్చి మెట్ల నుంచి బడి నూతి దాకా కర్ర పట్టీలు పరిచి, వాటి మీద ఇనప బద్దలు కొట్టి దారి వేశాం. కాఫీ చెట్లు పూసిన రోజులవి. తోటలన్నీ తెల్లబడి, లోయంతా మల్లెపూల వాసన. ఆ వాసనలోకి తాత కాఫీ కొమ్మల బొగ్గుతో పొగ వదిలాడు. వెనక చిన్న తొట్టి బండిలో ఆయన, ఆయన ముందు నేను. ఆవిరి వదిలే రెగ్యులేటరు నా చేత తీయించాడు. ఇంజను దగ్గింది, తుమ్మింది, కదిలింది. సంతకి వెళ్ళే ముసలమ్మ నడకంత వేగం. నాన్న పెద్ద లైను పచ్చజెండా పట్టుకుని పక్కన నడుస్తూ మమ్మల్ని రెండుసార్లు దాటిపోయి, మళ్ళీ ఆగి కలుపుకున్నాడు. తాత ఏమీ చూడటం లేదు. తల వంచి, చక్రం ఒక చుట్టు తిరిగితే వచ్చే నాలుగు ఊపిర్లని వింటున్నాడు. "ఇదే నడక" అన్నాడు. "ఇదే."

ఆ తర్వాత ఆయన ఎక్కువ కాలం లేడు. ఆపరేషనుకి ఇంజను అయ్యాక అన్నాడు గాని, ఇంజనయ్యాక ఇంక చూడవలసిందేమీ లేదన్నాడు. ఇంజను కొన్నాళ్ళు బడి షెడ్డులో ఉంది. ఒక తుఫానుకి షెడ్డు కూలింది, తుప్పు తన పని తాను చేసుకుంది. కొలిమి లేదు, కర్రులు కొనేవాళ్ళు లేరు, ఎడ్లబళ్ళు లేవు. గోగునార తాళ్ళు ఎవరు ఎప్పుడు పారేశారో ఎవరికీ గుర్తులేదు.

మిగిలింది ఒక్కటే, ఒక సామెత. లోయలో ఏ కొలత తప్పినా, రవిక బిగుతైనా, మంచానికి నులక చాలకపోయినా, "మేస్త్రి కొలత" అనేవారు. ద్వారబంధాలకి ఆయన్ని పిలవడం ఆగిపోయింది. ఎదురుగా ఎవరైనా ఆ మాటంటే తాత నవ్వేవాడు. ఆయన పోయాక మా అమ్మే ఒకసారి నా గౌను పొట్టిగా కుట్టి, "మేస్త్రి కొలతయిపోనాది" అని నవ్వింది, సొంత తండ్రి గురించి, ప్రేమగానే. నేనూ నవ్వాను. ఆ నవ్వే నన్ను ఇంకా పొడుస్తుంది.

నేను చదివి, డ్రాయింగు టీచరునై, ముప్ఫయ్యేళ్ళు పాలిటెక్నిక్‌లో పిల్లల గీతలు దిద్దాను. తప్పు కొలతల చుట్టూ ఎర్ర పెన్సిలుతో ఎన్ని సున్నాలు చుట్టానో లెక్కలేదు. ఎవరిది తప్పు అని మాత్రం క్లాసు ముందు ఎప్పుడూ అడగలేదు. దాన్ని మంచితనమనుకున్నారు పిల్లలు. ఎవరైనా నన్ను తిరిగి అడుగుతారేమోనన్న భయం అది.

అమ్మ నిజం తెలియకుండానే పోయింది. నాన్నా అంతే. కమ్మరి మావకి చెప్పాలని రెండుసార్లు బయల్దేరి, గెడ్డ దాకా వెళ్ళి తిరిగొచ్చాను. ఆ సామెత అనేవాళ్ళు లోయలో ఇంకా ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళు ఉన్నారట. వాళ్ళకి చదువు రాదు. ఇది చదివినవాళ్ళు ఎవరైనా అటువైపు వెళ్తే, కాస్త ఆగి వాళ్ళతో చెప్పండి. మేస్త్రి కొలిచిన ఏ కొలతా తప్పలేదు. తప్పింది ఆయన మనవరాలు.